చియాంగ్ మైలో మా బృందం

పాస్‌పోర్టులు, వాటి జిరాక్సులు, వీసా పేజీలు, అందరి ఇళ్ల ఫోను నంబర్లు, ఎవరిది ఏ రక్తం గ్రూపు, ఎవరికి ఏ మందు పడదు. 2016 వానాకాలంలో ఏడుగురు యౌవనస్థులను వెంటబెట్టుకుని థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో దిగినప్పుడు నా సంచిలో బైబిలుతో పాటు ఉన్నవి ఇవి. మిషనరీ బృందానికి నాయకురాలు అనగానే వేదిక మీద నిలబడి వాక్యం చెప్పే మనిషి చాలామందికి గుర్తుకొస్తుంది. ఆ ఏడాది నేను వేదిక ఎక్కింది తక్కువ, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో వరుసలో కూర్చున్నది ఎక్కువ. అక్కడ ఎక్కువకాలం ఉండే విదేశీయులు 90 రోజులకు ఒకసారి తమ చిరునామా తెలియజేయాలి, గడువు దాటితే జరిమానా. జీతం లేని సేవకైనా సరే, పని అనుమతి ఉండాలి. మమ్మల్ని పిలిచిన స్థానిక క్రైస్తవ సంఘంవాళ్లు ఆ కాగితాలన్నీ ముందే సిద్ధం చేసిపెట్టారు. "టూరిస్టు వీసా మీద వచ్చి పరిచర్య చేసుకుని వెళ్లేవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదా అక్కా, మనకెందుకు ఇన్ని తిప్పలు?" అని ఒక అబ్బాయి అడిగాడు. ఉన్నారు. మన మాట నిజమని నమ్మమని ఎవరిని అడగబోతున్నామో వాళ్ల దేశంలోకే అబద్ధపు కాగితంతో అడుగుపెట్టడం నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు.

మేం ఉన్నది ఒక విద్యార్థి వసతిగృహంలో. ఉత్తర థాయ్‌లాండ్ కొండల్లోని కరెన్, లాహు అనే కొండజాతుల పల్లెల్లో చాలాచోట్ల పెద్ద తరగతుల బడి ఉండదు. అందుకని క్రైస్తవ సంఘాలు పట్టణంలో ఇలాంటి వసతిగృహాలు నడుపుతాయి. పిల్లలు అక్కడ ఉండి దగ్గరలోని బడికి వెళ్లివస్తారు. తెల్లవారకముందే లేచి, ఎవరూ చెప్పకుండానే చీపురు అందుకునే పిల్లలు వాళ్లు. ఆ ఇంటిని నడిపే కరెన్ ఆవిడను మేమంతా 'పీ' అనే పిలిచేవాళ్లం. అక్కడ అక్కనైనా అన్ననైనా అలాగే పిలుస్తారు. సాయంత్రం చదివించడం, ఇంగ్లీషు నేర్పడం, పాటలు, ఆదివారపు బడి, వంటింట్లో చేతిసాయం మా పనులు. మా బృందంలో అందరూ పంతొమ్మిదికీ ఇరవై నాలుగుకీ మధ్యవాళ్లే. నర్సింగ్ పూర్తిచేసి వచ్చిన అమ్మాయి, గిటారు లేకుండా గది దాటని అబ్బాయి, ఇంజనీరింగ్ పట్టా అందగానే ఉద్యోగం వద్దనుకుని వచ్చిన మరో అబ్బాయి, అడిగితే తప్ప నోరు విప్పని ఒక చిన్నమ్మాయి, ఇంకా మరికొందరు. అందరికీ దేవుని పిలుపు ఉంది, సేవ చేయాలన్న భారం ఉంది. అందరికీ తొందర కూడా ఉంది.

ఆ తొందరను కాస్త ఆపి ఉంచడమే నా అసలు పని అని మొదటి వారంలోనే తెలిసింది. ఒక నియమం పెట్టాను: వసతిగృహంలోని పిల్లలందరి పేర్లూ వచ్చేదాకా ఎవరూ వాళ్ల ముందు నిలబడి సాక్ష్యం, అంటే తమ విశ్వాస అనుభవం, చెప్పకూడదు. వినడానికి ఇది సులువే. కానీ అక్కడి పిల్లలకు బడి రిజిస్టరులో ఒక థాయ్ పేరు ఉంటుంది, స్నేహితులు పిలుచుకునే ముద్దుపేరు ఇంకొకటి, అమ్మానాన్నలు పెట్టుకున్న కరెన్ పేరు వేరొకటి. మూడూ రావాలి. ఆ పిల్లది ఏ పల్లె, ఆమె తమ్ముడెవరు అన్నదీ తెలియాలి. మావాళ్లు అరచేతుల మీద రాసుకున్నారు, భోజనాల దగ్గర ఒకరినొకరు పరీక్షించుకున్నారు. అందరికంటే ముందు ఆ మాట్లాడని చిన్నమ్మాయికే వచ్చేశాయి. ఉతికిన బట్టల్లో ఏ చొక్కా ఎవరిదో చూసి మడతపెట్టే పని ఆమె మొదటిరోజే తన మీద వేసుకుంది మరి.

థాయ్ లిపిలో 44 హల్లులు. క, ఖలతో మొదలై, మనం చిన్నప్పుడు వల్లెవేసిన వర్గాల వరుసలోనే సాగుతాయి. ఆ వరుస చూడగానే మావాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. రాత తొందరగానే పట్టుబడింది. పలుకు దగ్గరే కష్టం, గొంతు ఎత్తుదింపులను బట్టి మాట అర్థమే మారిపోయే అయిదు స్వరాలు మరి. అక్కడ పిల్లలు మాకు గురువులయ్యారు. పదేళ్ల పిల్లవాడు ఇంజనీరు కుర్రాడి ఎదుట కూర్చుని ఒకే మాటను మళ్లీ మళ్లీ పలికించి, చివరికి ఒప్పుకుని తల ఊపేవాడు. తాము నేర్పగలిగింది ఒకటి ఉందని తెలిశాక ఆ పిల్లలు మా పక్కన కూర్చునే తీరే మారిపోయింది. మర్యాదలు కూడా వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం. ఎవరి తలనూ తాకకూడదు, కాళ్లు ఎవరి వైపూ చాపకూడదు, ఆడవాళ్లు భిక్షువులకు ఏదీ నేరుగా చేతికి ఇవ్వకూడదు, ఎంత కోపమొచ్చినా గొంతు పెంచకూడదు.

ఇంజనీరింగ్ చదివిన అబ్బాయి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆత్మల కోసం రాత్రుళ్లు మోకాళ్ల మీద ఉండి ఏడ్చే పిల్లవాడు అతను. ఒకరోజు థాయ్ భాషలో అచ్చయిన కరపత్రాల కట్ట ఎక్కడినుంచో తెచ్చాడు. పాత నగరంలోని ఒక బౌద్ధాలయం గుమ్మం దగ్గర నిలబడి పంచుతానన్నాడు. వద్దన్నాను. "అక్కా, మనం వచ్చింది సువార్త చెప్పడానికా, ఇంగ్లీషు వ్యాకరణం చెప్పడానికా?" అన్నాడు. ఆ అడగడంలో కోపం లేదు, కళ్ల నిండా నీళ్లున్నాయి. అలాంటి ప్రశ్నను నాయకురాలినన్న అధికారంతో మూసేయకూడదు. అతన్ని తీసుకుని స్థానిక సంఘ కాపరి దగ్గరికి వెళ్లాను.

ఆయన థాయ్ మనిషి, వయసులో పెద్దవాడు, బౌద్ధ కుటుంబంలో పుట్టి యౌవనంలో బాప్తిస్మం తీసుకున్నవాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, అంతా విన్నాడు. "బాబూ, ఏడాది తిరిగేసరికి మీరు విమానం ఎక్కుతారు. ఆ గుమ్మం దగ్గర మీరు చేసింది ఈ వీధిలో మాతో ఉండిపోతుంది. మా అమ్మ పోయేదాకా ఆ గుడికే వెళ్లింది. మా అన్న ఇప్పటికీ రోజూ పొద్దున భిక్షువులకు అన్నం పెట్టాకే తాను తింటాడు. నేను ఆ అన్న ఇంట్లోనే భోంచేస్తాను. ఆ భోజనం దగ్గరే ఎన్నో ఏళ్లుగా యేసుప్రభువు సంగతి చెబుతున్నాను, ఇంకా చెబుతాను" అన్నాడు. థాయ్ చట్టం మత ప్రచారాన్ని నిషేధించలేదు, ఏ మతాన్నయినా అవమానించడాన్ని మాత్రం నేరంగా చూస్తుంది. అయితే కాపరి చట్టం మాటే ఎత్తలేదు. నూటికి తొంభై మందికి పైగా బౌద్ధులైన దేశంలో, నూటికి ఒకరుగా ఉన్న క్రైస్తవులు ఇరుగుపొరుగుతో ఎలా బతుకుతారో అదే చెప్పాడు. మావాడు కరపత్రాల కట్ట ఆయన చేతికే ఇచ్చేశాడు. ఆ తర్వాత శనివారాలు ఆయన ఇళ్లు దర్శించడానికి వెళ్తుంటే వెనక సైకిలు మీద మావాడే. వినడం నేర్చుకున్నాడు. అడిగిన ఇంట్లో ప్రార్థన చేసేవాడు, అడగని ఇంట్లో పొలం కబుర్లు విని వచ్చేవాడు.

సెప్టెంబరులో గిటారు అబ్బాయికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు రోజురోజుకీ పడిపోతుంటే ఆసుపత్రి నడవాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆ రాత్రులు నాకు ఇంకా కళ్లకు కడతాయి. అబ్బాయి వాళ్ల నాన్నకు రోజూ రెండుపూటలా నేనే ఫోను చేసేదాన్ని. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. ఆయన నిద్రలేచే వేళకు నా దగ్గర పొద్దుటి రక్తపరీక్ష ఫలితం ఉండాలని డాక్టర్ల వెంట తిరిగేదాన్ని. "అమ్మా, నాకు ధైర్యం చెప్పొద్దు, అంకె చెప్పు చాలు" అనేవాడాయన. అంకె చెప్పేదాన్ని. ఒకరి బిడ్డను పరాయి దేశానికి తీసుకెళ్లడమంటే ఏమిటో ఆ తండ్రి గొంతు విన్నప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది. వసతిగృహంలో పిల్లలంతా ఒకేసారి, గొంతెత్తి, ఎవరి భాషలో వాళ్లు ప్రార్థన చేశారట. అబ్బాయి కోలుకుని వచ్చాక కూడా చాలారోజులు వాడి పళ్లెంలో ఎంత మిగిలిందో పీ స్వయంగా చూసేది.

రాత్రి ప్రార్థన అయ్యాక నేను వాళ్లకు ఆ ఊరి మిషనరీ చరిత్ర చెబుతుండేదాన్ని. 1867లో అమెరికన్ మిషనరీ డేనియల్ మెక్‌గిల్వరీ, భార్య సోఫియా పసిపిల్లలతో బ్యాంకాక్ నుంచి పడవల్లో దాదాపు మూడు నెలలు ప్రయాణం చేసి చియాంగ్ మై చేరారు. ఉండడానికి ఇల్లు లేదు. ఊరి తూర్పు ద్వారం వెలుపల బాటసారుల కోసం కట్టిన సత్రంలో ఏడాదికి పైగా కాపురం చేశారు. వాళ్లు ఎలా తింటారో, పిల్లల్ని ఎలా పడుకోబెడతారో చూడడానికే జనం వచ్చి నిలబడేవారట. ఆయన క్వినైన్ ఇచ్చాడు, మశూచికి టీకాలు వేశాడు, అడిగినవాళ్లతో మాట్లాడాడు. నాన్ ఇంటా అనే మాజీ భిక్షువు, బౌద్ధ గ్రంథాలు బాగా చదివినవాడు, ఆయనతో వాదానికి కూర్చునేవాడు. ఫలానా రోజు సూర్యగ్రహణం వస్తుందని మెక్‌గిల్వరీ అతనికి ముందే చెప్పాడు. 1868 ఆగస్టు 18న వచ్చింది. గుంటూరులో ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దుర్భిణి పెట్టి చూసి, తర్వాత హీలియం అని పేరుపడిన మూలకం జాడ కనిపెట్టిన గ్రహణం అదే. ఈ మాట చెప్పగానే మా నర్సింగ్ అమ్మాయి లేచి నిలబడింది. సూర్యుణ్ని రాహువు మింగుతాడన్న నమ్మకం నాన్ ఇంటాలో ఆ రోజే సడలింది. అయినా అతను వెంటనే బాప్తిస్మం తీసుకోలేదు; ఇంకా అడిగాడు, ఇంకా చదివాడు. 1869 జనవరిలో అక్కడి మొదటి విశ్వాసి అయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరులో నాన్ చాయ్, నోయ్ సున్యా అనే ఇద్దరు విశ్వాసులను అక్కడి పాలకుడు చంపించాడు. మత స్వేచ్ఛ ప్రకటన 1878లో గానీ రాలేదు.

మెక్‌గిల్వరీ సమాధి దగ్గరికి ఒకరోజు అందరం వెళ్లాం. 1911లో ఆయన ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి మొదటి బాప్తిస్మం దాకా ఎంతకాలం పట్టిందో మావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మేం అక్కడ ఉండబోయే కాలం కంటే అది ఎక్కువ. దానికి వ్యాఖ్యానం అవసరం రాలేదు.

ఈ లెక్కే నాకు ఇంకోచోట అడ్డుపడేది. నెలకో ప్రార్థన లేఖ రాసి, మాకోసం కానుకలు ఇచ్చిన సంఘాలకు పంపాలి. వాళ్ల ప్రేమ గొప్పది, సందేహం లేదు. విధవరాళ్లు దాచుకున్న డబ్బులో మా టికెట్ల ఖర్చు కూడా ఉంది. కానీ ఫోను రాగానే మొదటి ప్రశ్న "ఎంతమంది రక్షణ పొందారమ్మా?" అనే. ఫొటోలు అడిగేవారు, చేతులెత్తిన జనం ఉన్న ఫొటోలైతే మరీ మంచిదనేవారు. నేను బృందంతో ఒక మాట అనుకున్నాను. లేఖలో అంకెలు రాయం, పిల్లల ముఖాలు వాళ్ల పెద్దవాళ్ల అనుమతి లేకుండా పెట్టం, అక్కడి సంఘం ఏళ్లతరబడి చేసిన పనిని మా పనిగా చెప్పం. పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు. మేం ఆ నీళ్ల కడవ మోసే వంతు వచ్చినవాళ్లం, కడవ మోసినవాడు పంట లెక్క చెప్పడమేమిటి? లేఖల్లో ఏం రాశామంటే, ఎవరికి గణితం వచ్చిందో, ఎవరి అమ్మకు ఒంట్లో బాగాలేదో, ఏ అమ్మాయి మొదటిసారి గట్టిగా ప్రార్థన చేసిందో, అలాంటివి. ఒకటి రెండు సంఘాలు సహాయం ఆపేశాయి. మిగిలినవాళ్లు ఆ పిల్లల కోసం ప్రార్థించడం మొదలుపెట్టారు.

అక్టోబరు 13 సాయంత్రం రాజు భూమిబోల్ మరణవార్త వచ్చింది. డెబ్బై ఏళ్లు ఏలిన రాజు. అక్కడ ఎక్కువమందికి పుట్టిన దగ్గర్నుంచి వేరే రాజు తెలియదు. వసతిగృహంలో టీవీ ముందు పీ నేల మీద కూర్చుండిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రాత్రి బృందాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి కచ్చితంగా చెప్పాను: రాజకుటుంబం గురించి ఫేస్‌బుక్‌లో ఒక్క అక్షరం రాయొద్దు, సరదాకైనా మాట్లాడుకోవద్దు. ఆ దేశంలో రాజును అవమానిస్తే ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. అయితే భయం కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉందనీ, మనం దుఃఖంలో ఉన్న ఇంట్లో అతిథులమనీ చెప్పాను.

ఆ నెలాఖరుకి బడిలో పెద్ద సంగీత కార్యక్రమం అనుకున్నాం. వారాల తరబడి సాధన చేశారు. ఒక నెలపాటు వినోద కార్యక్రమాలు వద్దని ప్రభుత్వం చెప్పకముందే మేం మానేశాం. ఊళ్లో నల్లబట్టల కొరత వచ్చింది. దుకాణాల్లో దొరకడం లేదు, దొరికినా ఆ పిల్లలు కొనలేరు. అప్పుడు పీ వెనక పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి నల్ల రంగు కలిపింది. రోజంతా చొక్కాలు, లుంగీలు, పాత టీషర్టులు ముంచి తీశాం. గిటారు అబ్బాయి చేతులు మోచేతులదాకా నల్లబడ్డాయి. రంగు వేస్తూ పీ తన చిన్నప్పటి కథ చెప్పింది. వాళ్ల కొండల్లో నల్లమందు పండించిన రోజులు, 1969లో మొదలైన రాజు పథకం వల్ల అక్కడ కూరగాయలు, కాఫీ తోటలు వచ్చిన సంగతి, రాజు మెడలో కెమెరా వేసుకుని నడిచి వచ్చాడని వాళ్ల నాన్న పదేపదే చెప్పుకోవడం. ఒక క్రైస్తవురాలు తన రాజును తలుచుకుని ఏడుస్తుంటే మావాళ్లు పక్కన కూర్చుని రంగునీళ్లు కలిపారు. ఆ నెల మేం ఏ కార్యక్రమమూ చేయలేదు. ఆ నెలలోనే ఊరివాళ్లు మా పిల్లలను మొదటిసారి ఇళ్లలోకి పిలిచి అన్నం పెట్టడం మొదలైంది.

డిసెంబరులో సెలవులిచ్చాక పిల్లలతో కలిసి మే చెమ్ వైపు ఒక కరెన్ పల్లెకు వెళ్లాం. దారి డోయి ఇంతనాన్ పక్కగా పోతుంది, 2,565 మీటర్లతో థాయ్‌లాండ్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ అదే. వణికించే చలి. ఎత్తు స్తంభాల మీద చెక్క ఇళ్లు, మధ్యలో పొయ్యి, దాని చుట్టూ పడకలు. మాకు ఇచ్చిన దుప్పట్లు ఆ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ అని మా చిన్నమ్మాయి గమనించి నాతో చెప్పింది. తిరిగి ఇస్తే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అందుకని ఆ రాత్రి ఆడవాళ్లమంతా ఇంటివాళ్లతో కలిసి ఒకే దుప్పటి వరుస కింద పడుకున్నాం.

అక్కడి పాట గురించి ఎంత చెప్పినా తక్కువే. కరెన్ ప్రజలకు సువార్త బర్మా వైపునుంచి వచ్చింది. వాళ్ల మధ్య మొదటి విశ్వాసి కో తా బ్యూ 1828లో బాప్తిస్మం పొందాడు. ఉత్తర థాయ్‌లాండ్ కరెన్ పల్లెలకు వాక్యం తెచ్చినవాళ్లు కూడా బర్మా నుంచి నడిచి వచ్చిన కరెన్ సువార్తికులే. అంటే అక్కడ మిషనరీలు మాకంటే ఎంతోముందు, చెప్పులు లేని కాళ్లతో వచ్చినవాళ్లు. ఆ చెక్క గుడిలో పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు నాలుగు శ్రుతులుగా విడిపోయి వాద్యమేదీ లేకుండా పాడుతుంటే గిటారు అబ్బాయి తన గిటారును సంచిలోనే ఉంచేశాడు. వెనక వరుసలోని ఒక తాతగారి పక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఆ తాత మోచేత్తో పొడిచి ఎక్కడ కలవాలో చూపిస్తుంటే మంద్రస్వరం నేర్చుకున్నాడు. క్రిస్మస్ రాత్రి ఇంటింటికీ తిరిగి తెల్లవారేదాకా పాడారు. ప్రతి ఇంట్లో వేడివేడిగా ఏదో ఒకటి చేతిలో పెట్టారు. యేసుప్రభువు డెబ్బైమందిని పంపుతూ మీ ముందు పెట్టింది తినండని చెప్పిన మాటకు అర్థం ఆ రాత్రి మాకు ఒంటితో తెలిసింది.

తర్వాతి నెలల్లో చెప్పుకోదగ్గ గొడవలూ జరిగాయి, సర్దుబాట్లూ జరిగాయి. ఒకే ఇంట్లో ఏడాది ఉంటే ఎవరికైనా జరిగేవే. ఫిబ్రవరి నుంచి పొగ మొదలైంది. పంట మళ్లు, అడవులు తగలబెట్టే కాలంలో డోయి సుతేప్ కొండ ఉన్నచోటే కనిపించకుండా పోతుంది. మాస్కులతో తిరిగాం. నర్సింగ్ అమ్మాయి వారానికోసారి పింగ్ నది ఒడ్డున మెక్‌కీన్ కేంద్రానికి వెళ్లేది. 1908లో కుష్ఠురోగుల కోసం డాక్టర్ జేమ్స్ మెక్‌కీన్ మొదలుపెట్టిన చోటు అది. జబ్బు నయమైనా వేళ్లు పోగొట్టుకున్న వృద్ధులతో కూర్చుని, వాళ్ల గోళ్లు కత్తిరించి, వాళ్లు చెప్పేది వినేది. ఏప్రిల్‌లో థాయ్ కొత్త సంవత్సరమైన సొంక్రాన్ పండుగకు సంఘంలో పెద్దల చేతుల మీద సుగంధపు నీళ్లు పోసి ఆశీర్వాదం అడుగుతారు. మాకు ఆతిథ్యమిచ్చిన కాపరి చేతుల మీద మొదట నీళ్లు పోసింది కరపత్రాల అబ్బాయి.

ఈ మధ్య ఒకరోజు నా ఫోనుకు థాయ్ నంబరు నుంచి మెసేజీ వచ్చింది. అప్పట్లో ఏడో తరగతి చదివిన కరెన్ అమ్మాయి, గణితం పేరెత్తితే బల్ల కింద దూరే పిల్ల. ఇప్పుడు నర్సింగ్ ముగించి ఉద్యోగంలో చేరిందట. మా ఏడుగురి గురించీ పేరుపేరునా అడిగింది. గిటారు అబ్బాయికి పెళ్లయింది, సంఘంలో గాయకబృందాన్ని నాలుగు శ్రుతుల్లో పాడిస్తున్నాడని రాశాను. కరపత్రాల అబ్బాయి బడిలో పాఠాలు చెబుతున్నాడని, సెలవుల్లో వేరే దేశానికి తన సొంత బృందంతో వెళ్లబోతున్నాడని రాశాను. నర్సింగ్ అమ్మాయి ఏ వార్డులో పనిచేస్తోందో ఆ పిల్లకు ముందే తెలుసు, ఇద్దరూ ఎప్పటినుంచో మాట్లాడుకుంటున్నారట. తనను మా పాత గ్రూపులో చేర్చాను. ఇప్పుడు పొద్దున లేచేసరికి గ్రూపు నిండా మెసేజీలు, సగం థాయ్, సగం తెలుగు లిపిలో థాయ్. అన్నిటికంటే పొడుగ్గా రాసేది ఆ మాట్లాడని చిన్నమ్మాయే.